ఫాటక్ దగ్గర కుంగిన రోడ్డు

మొన్న మా మేనకోడలు, అంటే మా అన్నయ్య కూతురు, ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, నీ పాత ఉద్యోగం ఇప్పుడెలా ఉందో చూడత్తా అంది. తెర మీద తారురోడ్డును బర్ఫీముక్కలా నిలువునా కోసిన బొమ్మ. పైన లారీ చక్రం ఆనగానే కింది పొరల్లో పచ్చరంగు కాస్తా పసుపై, ఎరుపై, ఎన్నేళ్ళకు ఎంత కుంగుతుందో అంకె వచ్చి కూర్చుంది. పిల్ల ముఖం వెలిగిపోతోంది. బండి ఎంత వేగంతో పోతోందని చెప్పావే దీనికి, అన్నాను నేను. అది అదే తీసుకుంటుందత్తా అంది తెల్లబోయి. మీలో కంప్యూటర్ల ముందు తల నెరిసినవాళ్ళెవరైనా ఉంటే నా బాధ తెలుస్తుంది, అంత అందంగా జవాబు చెప్పే యంత్రాన్ని చూస్తే నాకు ముందు అనుమానమే పుడుతుంది.

మేముండే ఈ హిందీ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో, శంకర్ నగర్‌లో ఒక మేడమీది రెండు గదుల్లో నడిచే రోడ్ల కంపెనీలో నేను ఈ లెక్కలు చేసేదాన్ని. అదే కంపెనీలో అన్నయ్య తారు కలిపే ప్లాంటుకు సూపర్‌వైజరు. రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చిన నాన్నగారు పోయాక, ఇల్లు మా ఇద్దరి జీతాల మీదే నడిచేది. పొరల మందం, తారు రకం, ఎండ, లారీల బరువు నింపి మీట నొక్కితే, ఆ డబ్బా కంప్యూటర్ మధ్యాహ్నమంతా గుర్రుమని, సాయంత్రానికి ఈ రోడ్డు పదిహేనేళ్ళు చెక్కుచెదరదని తీర్పు చెప్పేది. దాని ఎదుట మా పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడేవారు, గుళ్ళో కూడా ఆయన అంత వినయంగా ఉండి ఉండరు.

ఊరి బయటి ధర్సీవా కార్ఖానాల నుంచి ఇనుము లారీలు ఊళ్ళో మోవా వైపు వచ్చే దారిలో ఒక రైలు గేటుండేది, ఇక్కడ మేమంతా ఫాటక్ అంటాం. దాని ముందు మా కంపెనీ వేసిన రోడ్డు మొదటి ఎండాకాలానికే చక్రాల జాడల్లో బెత్తెడు లోతున కుంగిపోయింది. యంత్రం పదిహేనేళ్ళంది, రోడ్డు ఏడాది నిలవలేదు, కనుక మధ్యలో ఎవరో దొంగ ఉండాలి. తారు పోయేది అన్నయ్య చేతిమీదుగా. కింద నా పేరున్న లెక్కకాగితాన్ని పెద్దసారు అన్నయ్య ముఖం ముందు ఆడించి, మషీన్ ఝూట్ నహీ బోల్తీ, యంత్రం అబద్ధమాడదు, అన్నారు. డాంబర్ ఎవరికి అమ్మావో నెలాఖరులోగా చెప్పు, లేకపోతే పోలీసులకు అప్పగిస్తాను, అందాకా పనిలోకి రావద్దన్నారు. ఆఫీసులో టీ ఇచ్చే మనిషి చూపు కూడా మారింది. కాలనీలో మన తెలుగువాళ్ళే, నిప్పులేనిదే పొగ రాదన్నారు. అమ్మ గుమ్మం దాటడం మానేసింది.

నాకు అన్నయ్య మీద అనుమానం లేదు, యంత్రం మీద ఉంది. అది అడిగినవన్నీ మేం చెప్పాం సరే, అడగకుండా తనంతట తాను అనుకున్నదేమైనా ఉందేమోనని ఒక్కొక్క గడీ వెతికాను. వేగం గడిలో ముందునుంచే ఒక అంకె కూర్చుని ఉంది, హైవే మీద రివ్వున పోయే బండి వేగం అది. ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఫాటక్ దగ్గరికి వెళ్ళి చూస్తే, మండుటెండలో ఇనుము లారీలు గేటు ఎత్తేదాకా ఉన్నచోటే బారులు తీరి నిలబడి ఉన్నాయి. ఎండకు మెత్తబడ్డ బెల్లం మీద వేలు తాకించి తీస్తే ఏమీ కాదు, నొక్కి ఉంచితే గుంట పడుతుంది. తిరిగొచ్చి వేగం బాగా తగ్గించి మళ్ళీ నడిపిస్తే తెరంతా ఎర్రబడింది.

పెద్దసారు నమ్మలేదు. అన్న కోసం చెల్లెలు వేసిన లెక్క ఇంకెలా వస్తుందని నవ్వారు. చివరికి మా ఇద్దరితోనూ పడని ఒక ఇంజనీరును కూర్చోబెట్టి వేయించారు, రోడ్డును కోసి ముక్కలు తీయించి తారు కొలిపించారు. తారు తగ్గలేదు. ఆ ఇంజనీరు తెర కూడా ఎర్రగానే వచ్చింది. అన్నయ్యను పనిలోకి రమ్మన్నారు, తప్పయిందని మాత్రం అనలేదు.

ఆ మాట చెప్పడానికి నేను ఇంటికి పరుగున వస్తే, అన్నయ్య అంతా విని ఒక్కటే అడిగాడు. "లెక్క మళ్ళీ ఎందుకేసినావే? నానేటో నీకు ముందే తెల్దా?" నీకోసమే కదా, వాళ్ళకు చూపించాలి కదా అన్నాను. అలాగేలే అని తల ఊపాడు, కానీ నా ముఖంలోకి చూడలేదు.

ఇప్పుడు ఆ ఫాటక్ లేదు. పైన వంతెన వచ్చింది, లారీలు ఆగకుండా పోతాయి, ఆనాటి రోడ్డు ఎన్ని పొరల కింద ఉందో అడిగేవాళ్ళు కూడా లేరు. పెద్దసారూ పోయారు, కంపెనీ మూతపడింది. అన్నయ్య మాత్రం మా ఇంటికి ఎప్పుడొచ్చినా, వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి చేతిసంచీ తెరిచి పట్టుకుంటాడు. "చూసుకోవే చెల్లీ, చెకింగ్ చేసుకో, మీ ఇంట్లోవేటీ పట్టుకెల్లట్నేదు" అంటాడు. వదిన పడీపడీ నవ్వుతుంది, ఆవిడకది అన్నాచెల్లెళ్ళ వేళాకోళం. మొదట్లో నేను కోప్పడ్డాను, ఏడ్చాను, నిన్ను అనుమానించి ఆ లెక్క వేయలేదని అమ్మ మీద ఒట్టు కూడా పెట్టాను. రోడ్డునైతే కోసి చూపించారు, నా మనసులో ఆనాడు ఏముందో ఎవరు కోసి చూపిస్తారు? ఇప్పుడు మారుమాట్లాడకుండా సంచీలోకి తొంగి చూసి, సరే వెళ్ళిరా అంటాను. చూడనంటే గుమ్మం దిగడు.