చివరి రెండు పేజీలు

1912 నవంబరు 12, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటలు. పుదుచ్చేరి కోసపాళయంలో మా బావ గోపాలనాయుడి అచ్చాఫీసు తలుపులు అప్పుడే తీశాం. రాత్రంతా కురిసిన వాన వెలిసింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, కంపోజిటరుగా నాలుగేళ్ళ అనుభవం. సీసపు అక్షరాలను గళ్ళపెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, స్టిక్ అనే చేతి పళ్ళెంలో తలకిందులుగా పేర్చడం కంపోజిటరు పని. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది, చదవగలిగేవాళ్ళు తక్కువ. నేను కూడా అక్షరాలు దిద్దింది పలక మీద కాదు, ఆ సీసం మీదే.

మా దగ్గరున్న తెలుగు టైపు ఎనిమిది పేజీలకే సరిపోయేది. ఎనిమిది పేజీలు అచ్చువేసి, టైపు కడిగి, ఏ అక్షరాన్ని దాని గడిలో వేసేస్తేనే తర్వాతి ఎనిమిదీ మొదలయ్యేవి. దీన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. అది జరిగాక వెనకటి పేజీలో మాట మార్చాలన్నా కుదరదు.

అప్పుడు మేం అచ్చువేస్తున్నది రాజమ్మ గారి నవల. ఆవిడ ఊరూరా తిరిగి తెలుగు ఇళ్ళలో పురాణం చెప్పేది. బండిలోనూ, రైలు కోసం కాచుకునే బల్లల మీదా నవల రాసి, అయినంత మాకు పంపేది. ఆవిడకు అన్నిటికీ దిగులే. ఇంటికి తాళం వేశానా, ఆవుకు కుడితి పెట్టారా, బండి ఇరుసు గట్టిదేనా అని వచ్చిన ప్రతిసారీ అడిగేది. తాళం సంగతి మాకెట్లా తెలుస్తుందని బావ నవ్వేవాడు.

ఆ రోజు ఆవిడ ఒట్టికాళ్ళతో లోపలికొచ్చింది. పక్క ఊళ్ళో పురాణం చెప్పి బండిలో తిరిగొస్తుంటే చెప్పులు ఏటిపాలయ్యాయట.

"సుబ్బులూ, బండి ఒరిగిందే! కడలూరులో మా పిల్లకు రాత్రే నొప్పులు మొదలైనాయని అల్లుడు మనిషిని పంపినాడు. ఈ కాగితాలు నీకిచ్చి అట్నే పోతా."

ట్రంకుపెట్టె తెరిచింది. నవల ముగింపు రాసిన కాగితాలు అయిదూ ముద్దయి ఉన్నాయి. సిరా మొత్తం కరిగిపోయి నీలి మరకలే మిగిలాయి.

ఆ విడతలో ఆరు పేజీలు అప్పటికే పేర్చి ఉన్నాయి. ఇంక కావలసినవి రెండే.

"ఏం చేస్తాం అత్తా, పోయిరా," అన్నాడు బావ. "రేపట్నుంచి ఈ టైపు పంచాంగానికి కావాల. మిగతాది ఉగాది అయినాక చూసుకుందాం."

ఆవిడ ట్రంకుపెట్టె మూసింది. తర్వాత మెల్లగా అంది. "ఉగాదికి నేను దీన్ని రాయలేను నాయుడూ. అక్కడ ఏం చూస్తానో, ఎట్లా తిరిగొస్తానో. ఈ పూట చెప్తేనే ఉంటది." నా వైపు తిరిగింది. "నేను చెప్తా ఉంటా, నువ్వు పేర్చు."

కాగితం లేకుండా నేనెప్పుడూ పేర్చలేదు. ఆవిడ గళ్ళపెట్టె అంచు పట్టుకుని నిలబడి మొదలుపెట్టింది. వాక్యం చెప్పి, నా వేళ్ళు ఆగేదాకా చూసి, తర్వాతిది చెప్పేది. వాకిట్లో బండివాడు కేకేశాడు. "ఏందమ్మా ఇంకా? ఎద్దులు నిలబడలేక ఉండాయి!"

"వస్తా ఉండా నాయనా! సుబ్బులూ, మంత్రసాని వచ్చుంటదంటావా? వేణ్ణీళ్ళు కాచేవాళ్ళు ఎవురున్నారు ఆడ?" అని అడిగి, నేను జవాబిచ్చేలోపే వాక్యాన్ని సగంలో వదిలిన మాట దగ్గర్నుంచే అందుకునేది. ఎక్కడున్నామని ఒక్కసారీ అడగలేదు.

రెండో పేజీ సగంలో నా చెయ్యి ఆగింది. ఆ నవలలో పడవవాడి భార్య కాన్పులో చనిపోతుంది. ముగింపు అదేనని ఆవిడ నాకు ముందే చెప్పింది. కానీ ఆ పూట ఆవిడ నోటివెంట అది వస్తుందనుకోలేదు.

"పిన్నమ్మా, వద్దు. ఈ పొద్దుకి ఆయమ్మను బతికించు."

"యాడ బతికించేదే?" అంది. "ముందు పేజీలన్నీ అచ్చయిపాయె. ఆ ఇంట్లో నూనె లేదని, దోవ తెగిందని, మంత్రసాని రాదని అన్నీ చెప్పేసినా. ఇప్పుడు బతికిస్తే అదంతా అబద్ధమైపోతది. పేర్చు."

ఆవిడ చూపు మాటిమాటికీ వాకిట్లో బండి వైపు పోతోంది. మాట మాత్రం తొణకలేదు. ఆ చావును ఆరు వాక్యాల్లో చెప్పింది. అంత నెమ్మదైన వాక్యాలు ఆ పుస్తకంలో ఇంకెక్కడా లేవు. చివరి వాక్యం సరిగ్గా పేజీ అడుగు వరుసలో ముగిసింది.

పరీక్షకు ఒక కాగితం అచ్చుతీసి ఇచ్చాను. నిలబడే చదివి, ఒక్క మాట కొట్టేసింది. "ఇది ఎక్కువ," అని, కొంగుతో చేతులు తుడుచుకుని బండెక్కింది. బండి కదిలాక కూడా తల బయటపెట్టి అరిచింది. "మా ఇంటి తాళం చూడు సుబ్బులూ!"

వెళ్ళి చూశాను. వేసే ఉంది.

మనసు నిశ్చింతగా ఉన్నవాళ్ళే గొప్ప పనులు చేస్తారని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గళ్ళపెట్టె ముందు నిలబడ్డాను. ఇంట్లో జ్వరాలున్న రోజులూ, కబురు కోసం గుండె చేత్తో పట్టుకున్న రోజులూ చాలా వచ్చాయి. దిగులు తగ్గాక పని మొదలుపెడదామని మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. ఆ ఒక్క ఉదయం నేర్పింది అదే.

తల్లీ బిడ్డా క్షేమమని గురువారం కబురొచ్చింది. ఆడపిల్ల. రాజమ్మ గారి బండి కడలూరు చేరేసరికి పుట్టి గంటయిందట. మా దగ్గర ఆవిడ ఉన్నది రెండు గంటలు.

పోయినవి ఇవి: తడిసిన కాగితాలు అయిదు, చెప్పుల జత ఒకటి, మనవరాలి తొలి ఏడుపు.