పడవవాడి ఫారం

మా ఆయనకు శత్రువంటూ ఉన్నది ఒక్కతే. అదీ పుస్తకంలో ఉండేది. చిరిగిన పుస్తకాలు కుట్టి బతికిన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగరు. ఇంట్లో ఇద్దరికి సరిపడా నోరు నాకే ఉందనేవారు. అలాంటి మనిషి ఆ ముసలిదాని పేరెత్తితే చాలు, చేతిలో కుంచె అలాగే పట్టుకుని, జిగురు నేల మీద కారుతున్నా చూసుకోకుండా దులిపేసేవారు.

ముసలిది అంటే తాళాలమ్మ. ఎదిగే పిల్లల కోసం రాసిన ఏడు పుస్తకాల కథలో ఒక కోట తాళాలు ఆవిడ చేతిలో ఉంటాయి. ఆ కోటలో దాక్కున్న పిల్లల తల్లి యుద్ధంలో చచ్చిపోతుంది. ఆ సంగతి తెలిసి కూడా తాళాలమ్మ, మీ అమ్మ వస్తోంది, కబురు పంపింది అని పుస్తకాల తరబడి వాళ్ళకు అబద్ధాలు చెబుతుంది. ఈయన కోపమంతా దాని మీదే.

మా ముందు గదే మా బైండింగు షాపు. కోత, అట్ట, జిగురు ఆయనవి. మడత, కుట్టు నావి. మా అమ్మాయికి పదమూడేళ్ళప్పుడు ఏదో బడి లైబ్రరీ నుంచి ఆ కథ మొదటి పుస్తకం ముక్కలు ముక్కలుగా మా దగ్గరికి వచ్చింది. పేజీలు సరిచూడ్డానికి కూర్చున్న మనిషి చూడడం మానేసి చదవడం మొదలుపెట్టారు. భోజనానికి పిలిస్తే పలకలేదు. విసుక్కుంటూ వెళ్ళి చూస్తే, ఈయన చదివి పక్కన పెట్టిన కాగితాలు లాక్కుని అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని చదువుతోంది. సరిపోయింది, దొందూ దొందే అనుకున్నాను.

పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పదహారు పేజీల కట్టను మేం ఫారం అంటాం. ఫారాలన్నీ వరుసగా పేర్చి కుడితే పుస్తకం. వరుస తప్పకుండా ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె వేస్తారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక పద్ధతి పడింది. కథలో కొత్త పుస్తకం వస్తే కొనడం, కొన్న రోజే దారాలు కోసి ఫారాలు విడదీయడం, ఒకరు చదివినది ఒకరికి అందించడం, అంతా అయ్యాక మళ్ళీ కుట్టి గుడ్డ అట్ట వేయడం. కొత్త పుస్తకం గుమ్మం దాటగానే దానికి కత్తి పెట్టే ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. ముందు చదివినవాళ్ళు కథ బయటపెట్టకూడదు. ఆ నియమం మాత్రం ఇద్దరూ ఏనాడూ తప్పలేదు.

ఆ కథలో మనుషుల మీద ఆయనకు ఉన్నది ఇష్టమో కోపమో నాకు అంతుపట్టేది కాదు. అరచేతిలో నిప్పు పుట్టించే పదిహేనేళ్ళ పిల్ల అందులో నాయిక. ఎప్పుడు చూసినా కన్నీళ్ళేనని, ఎవరైనా దానికి వేళకు కడుపునిండా తిండి పెట్టి పడుకోబెడితే సగం యుద్ధాలు తప్పేవని సణిగేవారు. అయినా నాలుగో పుస్తకంలో ఆ పిల్ల చెయ్యి కాలిపోతే, పక్కింటి పిల్లకు జరిగినట్టు రెండు రోజులు ముభావంగా తిరిగారు. ఆయన ప్రాణమంతా పడవవాడి మీద. పిల్లల్ని ఏరు దాటించే ఆ మనిషి పెద్దగా మాట్లాడడు, మంత్రాలు రావు, దాటించే ముందు ప్రతిసారీ పడవ అతుకులు చేత్తో తడిమి చూసుకుంటాడు. అద్దంలో చూసుకుని మురిసిపోతున్నారని నేను ఏడిపించేదాన్ని.

అమ్మాయి మాత్రం తాళాలమ్మ పక్షం. తండ్రీ కూతుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నలిగిన తగువు అదే. ఒక రోజు మాట బాగా పెరిగింది.

"నిజం చెబితే ఆ పిల్లలు అప్పటికప్పుడే గోడ దూకి చచ్చేవాళ్ళు నాన్నా" అంది.

"చస్తే తెలిసి చచ్చేవాళ్ళు. పిల్లలకి అబద్ధం చెప్పేది మనిషే కాదు" అన్నారు ఈయన. ఆ పూట ఇద్దరూ మాట్లాడుకోలేదు. లేని ముసలిదాని కోసం ఉన్న మనుషులు కొట్టుకు చావడమేమిటని ఇద్దరికీ కలిపి నేనే చీవాట్లు పెట్టాను.

ఏడో పుస్తకం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా అమ్మాయి చదువు ముగించి కళ్ళద్దాల షాపులో పనికి కుదిరింది. ఆయనకు దగ్గు పట్టుకుంది. కాగితం దుమ్మేలే అన్నారు. దుమ్ము కాదు, ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. పుస్తకం వచ్చేసరికి ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారు, ముక్కుకు గొట్టం. దిండంత పుస్తకం గుండెల మీద పెట్టుకునే ఓపిక లేదు. నేనే దారాలు కోశాను. అమ్మాయి బస్సులో చదువుకుంటూ వెళ్ళి రోజూ రెండు మూడు ఫారాలు ఆయనకు ఇచ్చి వచ్చేది. ఆయన చదివినవి తలగడ పక్కన పేర్చుకునేవారు.

డాక్టరు మా ఇద్దరినీ బయటికి పిలిచి, ఇక ఎక్కువ రోజులు లేవని చెప్పాడు. ఆయనకు చెప్పేద్దామన్నాను నేను. తెలిసి చావాలన్న మనిషికి దాచడం ఏం న్యాయం? అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది కథమ్మా. కథలో వాళ్ళ గురించి ఏమైనా అనొచ్చు. నాన్నకి చెప్పొద్దు."

ఇద్దరికి సరిపడా నోరున్నదాన్ని, దాని మాటకే తలూపాను. అది లోపలికి వెళ్ళి, ఊపిరితిత్తులు బాగుపడుతున్నాయట నాన్నా, వచ్చే వారం ఇంటికే అంది. ఆయన సంబరపడ్డారు. ఇంటికి రాగానే ఈ పుస్తకానికి ఎర్ర గుడ్డ అట్ట తనే వేస్తానని, ఆ గుడ్డ ముక్క జాగ్రత్త, ఎవరికీ వాడేయకని నాకు పురమాయించారు.

పుస్తకం చివరికి వస్తుండగా ఒక సాయంత్రం అమ్మాయి ఇంటికి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా కోత బల్ల దగ్గర నిలబడింది. ఏమైందంటే, పడవవాడు పోయాడమ్మా అంది. ఏటి మధ్యలో, పిల్లలు ఇంకా పడవలో ఉండగానే పోయాడట. ఆ ఫారం నాన్నకు ఇవ్వనని దాన్ని సంచిలో అడుగున పెట్టేసింది. తాతకు దగ్గులు నేర్పుతావా, అంకె చూసి ఇట్టే పట్టేస్తారు అన్నాను. అందుకేగా అని, ఆ తరవాత ఉన్న ఆఖరి రెండు ఫారాలు తీసి, వాటి అడుగు అంచు కత్తితో సన్నగా కోసేసింది. ఫారం అంకె, పేజీ అంకెలు అన్నీ ఆ పీలికలతో పోయాయి. బైండరు కూతురు కదా, కోత నున్నగా వచ్చింది. పడవవాడి మాట ఆ రెండింట్లో మళ్ళీ ఎక్కడా లేదని, నాన్నకు తెలిసే దారే లేదని నన్ను నమ్మించింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కలిసే వెళ్ళాం. అమ్మాయి మూడు ఫారాలు ఇచ్చింది. ఒకటి మామూలుది, రెండు కోసినవి. ఇచ్చి, గ్లాసులో నీళ్ళు పోయడానికి అటు తిరిగింది. ఆయన చేతిలోకి ఏ కాగితాలు వచ్చినా ముందు నిలబెట్టి బల్ల మీద టకటకా తట్టి అంచులు కలపడం నలభై ఏళ్ళ అలవాటు. గొట్టం ముక్కుకు ఉన్నా ఆ అలవాటు పోలేదు. మంచం పక్క చిన్న బల్ల మీద తట్టారు. పై అంచున మామూలు ఫారం ఎత్తుగా నిలబడింది, కోసిన రెండూ కాస్త కిందికి దిగిపోయాయి. మళ్ళీ తట్టారు. బొటనవేలితో పై అంచు ఒకసారి తడిమారు. అంకెలు కోయకుండా అలాగే ఇచ్చి ఉంటే, ఆ నీరసంలో చూసేవారే కాదేమో. అది తెలివి ఎక్కువై చేసిన పని.

ఆయన అమ్మాయి వీపు వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. నేను దుప్పటి సర్దాను.

మూడూ మెల్లగా చదివారు. చాలాసేపు పట్టింది. చదివి ఛాతీ మీద పెట్టుకుని, "పడవవాడు ఇల్లు చేరాడా?" అని అడిగారు.

"చేరాడు నాన్నా. రాయలేదు గానీ, చేరినట్టే కదా" అంది అమ్మాయి.

"మంచిది" అన్నారు. ఊపిరి కూడదీసుకుని మళ్ళీ, "తాళాలమ్మని మరీ అన్ని మాటలు అని ఉండకూడదేమోనే. ప్రేమ లేకపోతే అంత కష్టపడి అబద్ధమాడదు" అన్నారు.

అమ్మాయి మొహం వెలిగింది. ఇన్నేళ్ళకు ఒప్పుకున్నావు, అదేదో ముందే ఒప్పుకుంటే ఎంత బాగుండేదని నవ్వి, మందుల కోసం కిందికి వెళ్ళింది. అది తలుపు దాటాక ఆయన ఫారాలు నా చేతిలో పెట్టారు.

"కోత బాగా వచ్చింది దానికి. పడవవాడు పోయాడు కదా?"

"పోయాడు" అన్నాను. ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా చదవనిదాన్ని.

"మరి నేనో?"

చెప్పాను. డాక్టరు ఎలా చెప్పాడో అలాగే చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. దానికి తెలియనివ్వకు, నన్ను నమ్మించాననే అనుకోనీ అన్నారు. మాటిచ్చాను. అమ్మాయి మందులతో తిరిగి వచ్చేసరికి ఎర్ర గుడ్డ మీద అక్షరాలు బంగారు రంగులో వేయాలా, నల్లగా వేయాలా అని దాన్నే సలహా అడుగుతున్నారు.

ఆ వారం తిరక్కుండానే ఆయన పోయారు.

తరవాత అమ్మాయి మనిషి కాలేదు. పనికి వెళ్ళేది, వచ్చేది, ముందు గదిలోకి అడుగు పెట్టేది కాదు. ఆరు పుస్తకాలు అటకెక్కించింది. చుట్టాలెవరో మాటవరసకు, పాపం ఆయనకు ఆఖరి దాకా ఏమీ తెలియదు కదా అంటే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేచి వెళ్ళిపోయింది. ఒక రోజు వంటింటి గుమ్మంలో కూర్చుని తనే బయటపడింది. "నాన్నకి అబద్ధాలు చెప్పి పంపించానమ్మా. ఆయన అన్నట్టు నేను మనిషినే కాదు" అంది. ఇన్నాళ్ళూ వెనకేసుకొచ్చిన తాళాలమ్మ పేరు చెబితే ఇప్పుడు దానికి ఒళ్ళు మండుతోందట. చెబితే ఆయనకిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే పిల్ల పోయేలా ఉంది.

ఆ ఆదివారం ఏడో పుస్తకం ఫారాలన్నీ తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాను. దాచింది తెమ్మన్నాను. కొంతసేపు మొరాయించి, సంచిలోంచి తెచ్చి ఇచ్చింది. వరుసలో పెట్టే ముందు దాన్ని నేనూ చదివాను, నిలబడే, పదహారు పేజీలూ. పడవవాడు అతుకులు తడుముతూనే ఉన్నాడు, చెయ్యి ఆగిపోయింది, అంతే. రాసినవాడు ఎదురుగా ఉంటే నాలుగు వాయించేదాన్ని. దాని చోట దాన్ని పెట్టాను. సూదిలో దారం ఎక్కించుకుంటూ, నాకు చెయ్యి ఖాళీ లేదు, ఆఖరివి నాలుగూ కాస్త తట్టి ఇవ్వమన్నాను.

తీసుకుని తట్టింది. రెండు కిందికి దిగిపోయాయి. మళ్ళీ తట్టింది. తండ్రి లాగే బొటనవేలితో పై అంచు తడిమింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"నాన్న తట్టాడా?"

నేను నోరు విప్పలేదు. మాట ఇచ్చాను కదా. సూది వైపే చూస్తూ ఉండిపోయాను. దానికి అది చాలు.

"నేను నీళ్ళు పోస్తున్నప్పుడే తట్టాడు. అందుకే తాళాలమ్మని..." అంది. ఫారాలను మెల్లగా బల్ల మీద పడుకోబెట్టింది. తరవాత, "మరి ఎర్ర గుడ్డ వేస్తానన్నాడు కదమ్మా. బంగారు రంగా, నలుపా అని నన్నే అడిగాడు" అంది.

"అడిగారు" అన్నాను.

పిల్లలకి అబద్ధం చెప్పేది మనిషే కాదన్న మనిషి. అమ్మాయి ఆ ఫారాల మీద తల పెట్టుకుని ఏడ్చింది, ఆయన పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను ఆపలేదు. అలమర తెరిచి, జాగ్రత్త చేసిన ఎర్ర గుడ్డ తీసి, కొలత పెట్టాను.