ఉయునీలో మాకు ఎదురొచ్చిన మనిషి

దయ్యాలు, శకునాలు, దిష్టి, వీటిలో ఏ ఒక్కదాన్నీ నేనెప్పుడూ నమ్మలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా చదివి "ఈవిడకి మొదటి నుంచీ ఆ పిచ్చి ఉండే ఉంటుంది" అని మీరు తేల్చేయడం నాకిష్టం లేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా "పనిచేస్తోంది" అంటే "ఏదీ, చూపించండి" అని అడగడమే నా ఉద్యోగం.

అలాగని శకునాలు తెలియని ఇంట్లో పుట్టలేదు. ఖమ్మంలో నేను పరీక్షకి బయల్దేరితే మా అమ్మ నీళ్ల బిందెతో వీధిలోకెళ్లి ఎదురొచ్చేది. అపార్ట్‌మెంట్‌లోకి మారాక బిందె పోయి ప్లాస్టిక్ బకెట్ వచ్చింది గానీ ఎదురు రావడం పోలేదు. నేను చెప్పులేసుకునేసరికి లిఫ్ట్ దగ్గర సిద్ధంగా ఉండేది. నిండు నీళ్లు ఎదురొస్తే వెళ్లిన పని అవుతుంది. ఖాళీది ఎదురొస్తే మళ్లీ ఇంట్లోకొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరాలి. ఇది మా ఇంటి చట్టం. నిండు బకెట్ ఎదురొచ్చిన ఏడాదే నేను లెక్కల్లో తప్పాను. ఆ తర్వాత కూడా అమ్మ మానలేదు, నేను నవ్వడమూ మానలేదు.

అమెరికా వచ్చాక ఆ గొడవే లేదు. టెక్సస్‌లో మేముండే ఇర్వింగ్‌లో ఎదురు రావడానికి అసలు మనిషంటూ కనపడాలి కదా. గరాజ్ తలుపు లేస్తే కారు, కారు దిగితే ఆఫీస్ పార్కింగ్. శకునం చూడాలన్నా ఎదురింటివాళ్ల స్ప్రింక్లర్ తప్ప దిక్కులేదు.

మా ఆయన శశిది గుంటూరు. అతనికి కాలు ఒకచోట నిలవదు. వారాంతం వస్తే టెంట్ కారులో పడేసేవాడు. 2012లో ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. ఎన్నాళ్ల నుంచో అతను కలవరిస్తున్న దక్షిణ అమెరికా ప్రయాణం ఖాయం చేసుకున్నాం. పెరూలో కొండలెక్కడం, తర్వాత టిటికాకా సరస్సు, అక్కడి నుంచి బొలీవియాలో లా పాజ్ నగరం, అమెజాన్ అడవి, చివరగా ఉయునీ ఉప్పు ఎడారి. జూలై నెల. టెక్సస్‌లో ఎండలు, వాళ్లకి చలికాలం.

పెరూలోని కుస్కోలో కొండదారి నడవడానికి తెల్లారగానే బయల్దేరాం. రాళ్లు పరిచిన ఇరుకు సందు. కింద నుంచి ఒక పెద్దావిడ పైకి వస్తోంది. రెండు జడలు, పొరలు పొరలుగా కుచ్చుల పావడా, నెత్తి మీద చిన్న గుండ్రటి నల్ల టోపీ. చేతిలో నీలం ప్లాస్టిక్ బకెట్, అంచుల దాకా నీళ్లు. బకెట్‌కి పిడి లేదు, దాని బదులు ఎర్ర గుడ్డపేలిక మెలిపెట్టి కట్టారు.

నాకు అమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. "చూశావా, ఇక్కడ కూడా మనకి ఎదురొచ్చేవాళ్లున్నారు" అన్నాను. శశి ఆవిడకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఆవిడ మమ్మల్ని చూడనట్టే దాటిపోయింది. నడక బ్రహ్మాండంగా సాగింది. కాళ్లు పుళ్లు పడ్డాయి గానీ ఇన్నేళ్లలో మేమిద్దరం అంత సంతోషంగా ఎప్పుడూ లేము.

సరస్సు ఒడ్డు ఊళ్లో పడవ ఎక్కడానికి వెళ్తుంటే మళ్లీ అలాంటి ఆవిడే, అలాంటి బకెట్‌తోనే, నిండు నీళ్లతో ఎదురొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ దేశాల్లో ఆడవాళ్ల వేషం అంతా ఒకటే కాబోలు అనుకున్నాను.

లా పాజ్‌లో మాత్రం నవ్వు రాలేదు. అడవికి వెళ్లే చిన్న విమానం కోసం బయల్దేరాం. ఆ ఊళ్లో వీధులన్నీ నిచ్చెన మెట్ల లాంటివే. ట్యాక్సీ కోసం నిలబడి ఉంటే ఎదురు వీధి ఎక్కుతూ వచ్చింది. ఈసారి నాకు చేయి చాస్తే అందేంత దగ్గర నుంచి వెళ్లింది. నీలం బకెట్, ఎర్ర పేలిక. ఎడమ కనుబొమ మధ్యలో తెల్లటి గాటు, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. కుస్కోలో చూసినావిడకీ ఆ గాటు ఉంది. అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదని ఆ క్షణంలో తెలిసింది.

శశికి చెప్తే కొట్టిపారేశాడు. "లక్షల మంది ఉంటారే అలాంటోళ్లు. నువ్వు టెస్టర్‌వి, నువ్వే ఇలా మాట్లాడితే ఎట్టా?" అన్నాడు. అదీ నిజమే. కాకపోతే తర్వాత తెలుసుకున్న సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ ఒక్కో ప్రాంతం ఆడవాళ్ల టోపీ ఒక్కో రకం. లా పాజ్‌లో పెట్టుకునే గుండ్రటి టోపీ కుస్కో వైపు వాళ్లు పెట్టుకోరట. నేను చూసిన టోపీ మాత్రం మూడు చోట్లా ఒకటే.

ఫోటో ఉందా అని అందరూ అడుగుతారు. లేదు. అడగకుండా మనుషుల్ని ఫోటో తీయడం అక్కడివాళ్లకి నచ్చదని ముందే చదివాం. వేలకొద్దీ ఫోటోల్లో కొండలున్నాయి, మేకల్లాంటి లామాలున్నాయి, మేమున్నాం. ఆవిడ లేదు.

అడవిలో ఉన్నన్నాళ్లూ ఆ ఊసే లేదు. ఉక్కపోత, దోమలు, నదిలో మొసళ్లు. శశికి జలుబు చేసి కాస్త జ్వరం కూడా తగిలింది. తగ్గిందన్నాడు. పల్లంలో ఉన్న ఆ అడవి నుంచి విమానంలో నేరుగా లా పాజ్ ఎత్తుకి వచ్చి, ఆగకుండా బస్సెక్కి ఉయునీ చేరాం. అలా దిగి ఎక్కడంలోనే ప్రమాదం ఉందని మాకు తెలియదు.

ఉయునీలో దిగినప్పటి నుంచే అతనికి ఆయాసం. పొడి దగ్గు. ఛాతీ పట్టేసినట్టుందన్నాడు. ఇక్కడే మన తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పని చేశాం. ఇద్దరం కలిసి అది గ్యాస్ అని తీర్మానించాం. మనకి తలనొప్పి వచ్చినా గ్యాసే, నడుం పట్టినా గ్యాసే. నేను టెక్సస్ నుంచి మోసుకొచ్చిన వాము తీసిచ్చాను. "నాకేం కాలేదే, గ్యాస్ పైకి తన్నుతోంది, అంతే. రెండు తేన్పులొస్తే సర్దుకుంటది" అని నమిలాడు. నేనూ నమ్మాను.

మర్నాడు పొద్దున జీప్‌లో ఉప్పు ఎడారికి, దాన్ని దాటి ఇంకా ఎత్తున ఉన్న సరస్సులకి బయల్దేరాలి. మధ్యలో ఊళ్లు లేవు, ఫోన్లు పనిచేయవు. రాత్రి చలికి మా బసలోనే కాదు, ఊళ్లో కుళాయిలన్నీ గడ్డకట్టాయి. ముఖం కడగడానికి కూడా నీళ్లు రాలేదు. ఎండ మాత్రం కళ్లు చెదిరేలా ఉంది. శశి ముక్కూ నోరూ కప్పుతూ మఫ్లర్ చుట్టుకున్నాడు. జీప్ హారన్ కొట్టింది. అతను ముందు, నేను వెనక గడప దాటాం.

ఆవిడ వస్తోంది.

వెడల్పాటి మట్టిరోడ్డు, ఇంకెవరూ లేరు. నీలం బకెట్, ఎర్ర పేలిక, కనుబొమ మీద గాటు. శశి పక్క నుంచే వెళ్లి, తర్వాత నా పక్కకి వచ్చింది. బకెట్‌లోకి చూశాను. ఖాళీ. చుక్క నీరు లేదు. అడుగున పట్టిన మురికి గీత కూడా కనపడింది.

భయమేసింది, సిగ్గు విడిచి చెప్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ మూల తిరిగిపోయింది. అప్పటికే నేను శశి చేయి పట్టుకుని లోపలికి లాగుతున్నాను.

"ఏంటే?"

"ఐదు నిమిషాలు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్దాం."

"నువ్వా? శకునాలా?" అన్నాడు. నా మొహం చూసి నా వెంట నడిచాడు. బయట హారన్ మోగుతూనే ఉంది. గదిలోకొచ్చి మంచం మీద కూర్చున్నాడు. నా సంచిలో నీళ్ల సీసా ఉంటే ఇచ్చాను. తాగడానికి మఫ్లర్ కిందికి లాగాడు.

పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టున్నాయి. గోళ్లు చూశాను, అవీ అంతే. గదిలో ఏ చప్పుడూ లేకపోవడంతో అప్పుడు వినపడింది. ఊపిరి తీసినప్పుడల్లా లోపల బుడబుడమంటోంది, గిన్నెలో పాలు కాగుతున్నట్టు. ఒక్క గుటక వేసి, రెండో గుటకకి ఊపిరి చాలక సీసా నా చేతికిచ్చేశాడు.

జీప్‌ని పంపేశాను. బస ఓనరు తన బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చిన్న ఆసుపత్రి, డాక్టరమ్మకి కాస్త ఇంగ్లిష్ వచ్చు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టిన వెంటనే ఆక్సిజన్ తెప్పించింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఎత్తు వల్ల అలా అవుతుంది అంది. జలుబుతో ఉన్న మనిషి పల్లానికి దిగి మళ్లీ ఒక్కసారిగా పైకి వస్తే ఇలా జరుగుతుందట. మేము ఎక్కడికి బయల్దేరామో చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. అక్కడ ఈ రాత్రి పడుకుని ఉంటే రేపు లేచేవాడు కాదు అని నెమ్మదిగా చెప్పింది.

కాస్త తేరుకున్నాక పల్లంలో ఉన్న నగరానికి తరలించారు. దిగుతున్నకొద్దీ అతని ముఖంలోకి రంగు రావడం నేను కళ్లారా చూశాను. విమానంలో అతని వేళ్లు పట్టుకుని, పక్కవాళ్లు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చాను.

ఇక్కడిదాకా అయితే నేను ఈ కథ రాసేదాన్ని కాదు. బకెట్ ఖాళీ కావడం కాకతాళీయం, కూర్చోవడం పాత అలవాటు, కూర్చుంటే జబ్బు కనపడింది. అంతా లెక్క సరిపోతుంది. ఒకేలాంటి మనుషులు నాలుగు ఊళ్లలో ఉండకూడదని ఎక్కడా లేదు. నాకు నేను అలాగే సర్దిచెప్పుకున్నాను.

దసరా రోజుల్లో మా ఊరికి దగ్గర్లోని ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో పాట్‌లక్, తలో వంటా చేసి తీసుకెళ్లే విందు. శశితో కూడా ఉయునీ బకెట్ మాట ఎత్తని నేను, ప్రయాణం గురించి అడిగితే మొదటిసారి అంతా చెప్పాను. ఖాళీ బకెట్ దగ్గరికి వచ్చేసరికి అందరూ తినడం ఆపేశారు. "వామ్మో, నాకు గూస్‌బంప్స్ వస్తున్నాయి" అంది ఆ ఇంటావిడ.

శశి పులిహోర ప్లేటుతో కూర్చుని ఉన్నాడు. తలెత్తి నా వైపు చూసి, "ఖాళీ ఏంటి వాణీ? నిండుగా ఉంది కదా" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వబోయాను. అతను నవ్వడం లేదు.

ఇంటికెళ్లేటప్పుడు హైవే మీద నేనే డ్రైవ్ చేశాను. దారంతా ఆ మాటే. తన పక్క నుంచి వెళ్లినప్పుడు బకెట్ తొణికి, నీళ్లు చేతి మీద పడ్డాయన్నాడు. అంత చలిలోనూ అవి చల్లగా లేవట. "ఆ రోజు నిజంగా నా వల్ల కాలేదు వాణీ. ట్రిప్ వద్దు, హాస్పిటల్‌కి పోదాం అని నీకు చెబుదామనే గడప దాటా. ఆ నిండు బకెట్ చూశాక, ఏం కాదులే, మంచి శకునమే అనిపించింది. నోరు మూసుకుని జీప్ వైపు నడిచా" అన్నాడు.

ఊరంతా కుళాయిలు గడ్డకట్టిన పొద్దున ఆ నీళ్లు ఎక్కడివో నాకు తెలియదు. అతని ఒంట్లో ఆక్సిజన్ తగ్గి, లేనివి కనపడి ఉంటాయని కొన్నాళ్లు వాదించాను. అలాగైతే ఖాళీ బకెట్ చూసిన నా సంగతేమిటని అతను అడుగుతాడు. ఇద్దరం చూసింది ఒకే మనిషిని. గాటు ఏ కనుబొమ మీదో విడివిడిగా కాగితం మీద రాసుకుని చూసుకున్నాం కూడా. అది సరిపోయింది. బకెట్ దగ్గరే ఇప్పటికీ కుదరదు.

శకునాలు నమ్ముతావా అని అడిగితే ఈ రోజుకీ లేదనే చెప్తాను. రాత్రుళ్లు శశి ఊపిరి వినడానికి మాత్రం మధ్యలో లేస్తాను. అతను చూసిందే నేనూ చూసి ఉంటే, నవ్వుకుంటూ అతని పక్కన జీప్‌లో కూర్చునేదాన్ని. నాకు ఖాళీ చూపించి ఆపిన మనిషే అతనికి నిండుగా చూపించి పొమ్మంది. ఆవిడకి చేతులెత్తి మొక్కాలో, తలుచుకుని భయపడాలో నాకింకా తేలలేదు.