దేవుళ్ల వెనక అక్షరాలు

చిత్తూరులో ట్రైనింగు అయ్యేటప్పుడు మాకు బోధనోపకరణాలు అని ఒక సబ్జెక్టు ఉండేది. గోడకు ఏం తగిలించాలి, ఎంత ఎత్తులో తగిలించాలి, వెనక కూర్చున్న పిల్లకు కనపడాలంటే అక్షరం ఎంత లావుగా రాయాలి అని అందులో వివరంగా చెప్పేవారు. గోడ లేకపోతే ఏం చేయాలో చెప్పలేదు. నేను అడిగాను. తరువాత క్లాసులో చెప్తామన్నారు. ఆ తరువాతి క్లాసు ఇంకా జరగలేదు.

డెబ్బైల చివర్లో నన్ను నగరి దగ్గర ఒక నేతవాళ్ల ఊరికి వేశారు. బడికి ఒకటే గది. అందులో రెండు, మూడు, నాలుగు, ఐదు తరగతులు, వాటికి ఎదురుగా హెడ్మాస్టరుగారు, ఆయన చేతిలో బెత్తం. ఒకటో తరగతి వరండాలో. వరండాకు మూడు వైపులా గోడ లేదు, నాలుగో వైపు ఉన్న గోడకు హెడ్మాస్టరుగారి సైకిలు ఆనించి ఉండేది. అవతల వీధిలో పొద్దున మొదలైన మగ్గాల చప్పుడు సాయంత్రం దాకా ఆగదు. నేను ‘అ’ అంటే మగ్గం టకటకా అనేది, పిల్లలు దాన్నే తిరిగి చెప్పేవాళ్లు. వాన వస్తే ఒకటో తరగతికి సెలవు.

గవర్నమెంటు బొమ్మల చార్టులు మా బడికి రాకపోలేదు. వచ్చాయి. హెడ్మాస్టరుగారు వాటిని ఇనప పెట్టెలో పెట్టి, నాఫ్తలీను ఉండలు వేసి, తాళం వేసి ఉంచారు. బయట తగిలిస్తే పిల్లలు చూసి పాడు చేస్తారట. చూస్తే చార్టు ఎట్లా పాడవుతుందని అడిగాను. చూసినవాళ్లు ఊరికే ఉండరమ్మా, తాకుతారు అన్నారు. తాకితే ఏమవుతుందని అడిగాను. ఆ తరువాత ఆయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నాకేమీ నష్టం కలగలేదు.

బడి పక్కనే ఊరివాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న గది ఒకటుండేది. శనివారం సాయంత్రం భజనకు తప్ప దానికి ఇంకో పని లేదు. భజన సంఘానికి పెద్ద, సొంత మగ్గాలూ నూలు వ్యాపారమూ ఉన్న ఆయన. ఊళ్లో అందరూ ఆయన్ను పెద్దాయన అనేవాళ్లు. నేను ఆయన ఇంటికి పోయి, వారంలో మిగిలిన పొద్దంతా ఆ గది ఎవరికోసం ఖాళీగా ఉందో చెప్పమన్నాను. నాలుగైదు సార్లు పోయాను. నా నోటికి భయపడో, కాఫీ పొడి దండగని అనుకునో, చివరికి ఒప్పుకున్నాడు. ఒక ఒప్పందం కూడా పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు గదిలో చదువు జరుగుతోందని రాసి పోతే గది పగటిపూట బడిది. రాయకపోతే అప్పుడే ఖాళీ చేసి పోవాలి. మళ్లీ వరండా, మళ్లీ సైకిలు.

గోడలు వచ్చాయి. ఇక వాటికి తగిలించేవి కావాలి. పెట్టె తాళం అడిగే ఓపిక నాకు లేదు. రోజుకొక కాగితం చించే క్యాలెండర్లు అప్పట్లో ప్రతి ఇంట్లోనూ ఉండేవి. కాగితాలన్నీ చించాక పాత అట్ట మిగులుతుంది కదా, దాన్ని తెమ్మని పిల్లలకు చెప్పాను. మరుసటి రోజే తెచ్చారు. ఒక్కొక్కరు రెండు, మూడు, మోయలేనన్ని. ఇంత ఉదారమైన ఊరని నాకు అంతకుముందు తోచలేదు. సంగతి ఏమిటంటే, ప్రతి అట్ట మీదా ఒక దేవుడు ఉన్నాడు. సంవత్సరం అయిపోయిన దేవుణ్ణి పారేయడానికి లేదు, కాల్చడానికి లేదు, పొట్లం కట్టడానికి లేదు. ఇళ్లలో మేకు మీద మేకు కొట్టి తగిలించుకుంటూ వచ్చారు. నేను అడిగింది అట్టలు. వాళ్లు పంపింది దేవుళ్లను. బడికి దేవుళ్లు కావాలట అని ఇంటింటా చెప్పుకుని, స్నానం చేసి మరీ పంపారు.

నేను అట్టలు వెనక్కి తిప్పి, అద్దకం వాళ్ల దగ్గర మిగిలిన ఎర్ర రంగుతో అక్షరానికొక అట్ట చొప్పున రాసి, గోడల నిండా తగిలించాను. ఎంత ఎత్తు, ఎంత లావు, అంతా ట్రైనింగులో చెప్పిన ప్రకారమే. కింద నేల మీద ఇసక పోసి వేలితో రాయించాను. చింతగింజలు అక్షరం మీద వరసగా పేర్పించాను. పిల్లలు ఇంట్లో సగం తెలుగు, సగం అరవం మాట్లాడేవాళ్లు. చింతగింజలకు ఏ భాషా అడ్డం లేదు కాబట్టి పని బాగానే సాగింది.

వారం తిరగకముందే ఒక పిల్ల తల్లి మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని వచ్చి, గిన్నె కింద పెట్టకుండా గోడలన్నీ వెతికింది.

“మా సామి యాడ టీచర్? నెమిలి మీద ఉంటాడే, ఆ సామి.”

‘గ’ రాసిన అట్ట చూపించాను. ఆమె దాన్ని ఎత్తి చూసింది. లోపల సుబ్రమణ్యస్వామి గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. మా బడిలో లెక్కలు రానివాళ్లను హెడ్మాస్టరుగారు అట్లాగే నిలబెట్టేవారు.

“ఏం తప్పు సేసినాడని టీచర్, గోడపక్కకు తిప్పి నిలబెట్టినారు?” అని అడిగింది. కోపంగా కాదు. తెలుసుకుందామనే అడిగింది.

మరుసటి పొద్దున గది తలుపు తీస్తే ఒక్క అక్షరం లేదు. దేవుళ్లందరూ ఇటు తిరిగి ఉన్నారు. అందరికీ కుంకుమ. కొందరికి పూలు. నా ఇసక ఊడ్చి ముగ్గు వేశారు. పెద్దాయన తుండు భుజాన వేసుకుని మధ్యలో కూర్చుని ఉన్నాడు. హెడ్మాస్టరుగారు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. దేవుడి విషయంలో మనం తలదూర్చకూడదమ్మా అన్నారు.

“టీచరమ్మా, మేం పిలవలే. నువ్వే పిలిచినావు, వాళ్లు వచ్చేసినారు. ఇంతమంది సాములు ఉండే రూము భజన గుడి కాక ఇంకేమవుతాది? పిల్లోళ్లను వరండాకు తోలుకోనిపో” అన్నాడు పెద్దాయన. ఇన్‌స్పెక్టరు రావడానికి ఎన్నో రోజులు లేవు. ఆయనకూ ఆ సంగతి తెలుసు.

నేను కూడా కింద కూర్చున్నాను. నిలబడి వాదిస్తే ఊళ్లో పొగరంటారు, కూర్చుని వాదిస్తే మాట్లాడుతోందంటారు. గుడికి పోతే ప్రదక్షిణం చేస్తావా అని అడిగాను. చేస్తానన్నాడు. చేసేటప్పుడు సామి వెనక్కి పోతావా పోవా అన్నాను. పోతానన్నాడు. వెనక గోడకు మొక్కుతావా అన్నాను. మొక్కుతానన్నాడు, కొంచెం అనుమానంగా.

“మరి ఈ సాముల వెనక బోసిగా పెట్టమంటావా పెద్దాయనా? అక్షరం రాసినాను. నీ పిల్లోళ్లు సుట్టూ తిరిగి వచ్చి దానికి మొక్కుతారు. దాంట్లో నీకేమి తక్కువ?”

ఆయన చాలాసేపు తుండు సర్దుకున్నాడు.

“నీకు మాటలు నేర్పించినోళ్లు ఎవురమ్మా?”

“గవర్నమెంటోళ్లే. ఇప్పుడు సూసేదానికి వస్తా ఉండేది కూడా వాళ్లే.”

అట్లా దేవుళ్లు గోడ దిగారు. గదికి అడ్డంగా నూలు తాళ్లు కట్టి అట్టలు వాటికి వేలాడదీశాము. కింద ఇసక మళ్లీ పోశాను. వాకిలి వైపు దేవుళ్లు, అవతలి వైపు అక్షరాలు. దేవుళ్లను తిప్పకూడదు, గదిలోకి చెప్పులు రాకూడదు. ఈ రెండూ పెద్దాయన షరతులు. పొద్దున్నే పిల్లలు వరసగా తాళ్ల చుట్టూ తిరగాలి, వెనక ప్రతి అట్టా తాకి అక్షరం పలకాలి. ఇది నా షరతు.

బోధనోపకరణాల పుస్తకంలో ఈ పద్ధతి లేదు. ఉండాల్సింది. వరండాలో నెలల తరబడి పట్టుకు రాని అక్షరాలు ప్రదక్షిణంలో వచ్చేశాయి. తప్పు పలికితే పుణ్యం రాదని పిల్లలే ఒక రూలు పెట్టుకున్నారు. నేను కాదనలేదు. ఒక చిన్న చిక్కు మాత్రం వచ్చింది. పిల్లలు అక్షరాలను దేవుళ్లతో కలిపి గుర్తు పెట్టుకున్నారు. మా జిల్లాలో క్యాలెండరంటే సగానికి సగం వెంకటేశ్వరస్వామే కాబట్టి, సన్న దండ సామి ఒక అక్షరం, లావు దండ సామి ఇంకొకటి, వాకిలి పక్క సామి ‘డ’. నాకు అందరూ ఒకే మాదిరి కనపడేవాళ్లు. వాళ్లు ఎప్పుడూ పొరపడలేదు. చిన్న చిన్న తేడాలను కంటితో పట్టుకోవడమే చదువుకు మొదటి మెట్టని ట్రైనింగులో రాయించారు కానీ, దండలు చూపించి రాయించలేదు.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన రోజున హెడ్మాస్టరుగారు ఇనప పెట్టె తెరిచారు. గవర్నమెంటు ఆవు, గవర్నమెంటు ఇల్లు, గవర్నమెంటు ఉడుత ఆయన గది గోడల మీదికి ఎక్కాయి. వాటిని పిల్లలు మొదటిసారి చూస్తూ నోళ్లు తెరిచి కూర్చున్నారు. వాసనకు ఇద్దరు తుమ్మారు. ఇన్‌స్పెక్టరుగారు బాగుంది అని మా గది దగ్గరికి వచ్చారు.

వచ్చి గడప మీద ఆగిపోయారు. కాళ్లకు బూట్లు. ఎదురుగా, ఎవరూ చెప్పకుండానే పెద్దాయన పొద్దున్నే వచ్చి కుంకుమ పెట్టి పోయిన దేవుళ్లు. బడి అయితే బూట్లతో లోపలికి రావచ్చు. గుడి అయితే విప్పాలి. విప్పితే అది గుడి అని ఆయనే ఒప్పుకున్నట్టు. ఆయన అటూ ఇటూ కాకుండా గడప మీదే నిలబడి, ఇది స్కూలా, భజన మందిరమా అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపల, ఆయన వెనకే మళ్లీ వచ్చి నిలబడ్డ పెద్దాయన, రెండూ సార్ అన్నాడు, మేలు చేస్తున్నట్టు. ఇన్‌స్పెక్టరుగారి ముఖం చూస్తే రాయబోయే మాట ఏమిటో నాకు అర్థమైంది. వరండాలో సైకిలు కూడా కనపడింది.

ఆయన వాకిలి పక్కన ఉన్న వెంకటేశ్వరస్వామిని చూపించి, ముందు వరసలో ఉన్న పిల్లను ఎవరమ్మా ఈయన అని అడిగారు. అదే, నెమలి సామిని వెతుక్కుంటూ వచ్చిన తల్లి కూతురు.

“డ సార్” అంది.

“ఎవరు?”

“డ సార్. ఆ పక్క లావు దండ ఏసుకోనుండే సామి త.”

నేను వివరించబోయాను. ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. నేను ఆగాను. ఇది నా సర్వీసులో అరుదుగా జరిగిన విషయం. ఆయన పిల్ల చేతిలోని పలక తీసుకుని ఏం రాద్దామా అని అటూ ఇటూ చూసి, చివరికి కింద చూసి, మూడు అక్షరాలు రాసి ఇచ్చారు. చదవమన్నారు.

పిల్ల పలక చూసింది. తరువాత లేచి, పలకతో సహా తాళ్ల వెనక్కి పోయింది. దేవుళ్ల కింద దాని కాళ్లు మాత్రం కనపడుతున్నాయి. నెమలి సామి దగ్గర ఆగాయి. వాకిలి పక్క సామి దగ్గర ఆగాయి. లక్ష్మీదేవి దగ్గర ఆగాయి. తిరిగి వచ్చి ముందర నిలబడింది. వెనక్కి ఎందుకు పోయావని ఆయన అడిగారు. సరిగా ఉండాదో లేదో సూసుకోనొచ్చేదానికి సార్ అంది. చూసి చెప్పడాన్నే చదవడం అంటారని నేను మనసులో అనుకున్నాను. బయటికి అనలేదు, ఆయన ఎత్తిన చెయ్యి నాకింకా గుర్తుంది.

“గడప” అని చదివింది పిల్ల. ఆయన కాళ్ల వైపు చూసి, “దాని మీద నిలబడకూడదు సార్” అంది.

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరుగారు గడప మీద నుంచి వెనక్కి దిగారు.  తరువాత వంగి బూట్ల లేసులు విప్పుకుని, మేజోళ్లతో లోపలికి వచ్చి ఇసక పక్కన కూర్చున్నారు. పిల్లలందరి చేతా చదివించుకుని, తాళ్ల చుట్టూ ఆయన కూడా ఒకసారి తిరిగి, ఒకచోట దీర్ఘం సరిగా లేదని నాకు చెప్పి, గదిలో బోధన జరుగుచున్నది అని రాసి సంతకం పెట్టారు.

ఆఫీసరు బూట్లు విప్పినాడంటే ఇది గుడేనని తేలిపోయిందని పెద్దాయన ఊరంతా చెప్పుకున్నాడు. గది నాకు వచ్చింది కాబట్టి నేను ఆ ఒక్క వాదన వదిలేశాను. హెడ్మాస్టరుగారు చార్టులు దులిపి మళ్లీ పెట్టెలో పెట్టారు. కొత్త నాఫ్తలీను తెచ్చారు.

ఆ సంవత్సరం చివర, బడి వదిలే వేళకు పెద్దాయన ఒక అట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. స్నానం చేసి వచ్చినట్టున్నాడు. చెప్పులు బయటే విడిచి తాళ్ల వెనక్కి పోయి వరస అంతా చూసుకుంటూ వచ్చాడు. ఆయన అటుపక్కకు పోవడం అదే మొదటిసారి.

“ఏ అక్షరం మిగిలుండాది టీచరమ్మా?”

బండి ‘ఱ’ ఒకటి మిగిలింది, అట్ట చాలక రాయలేదని చెప్పాను.

“దానికి పనేంది?”

“పెద్దగా పని లేదు. వరసలో ఉంటాది, అంతే.”

“మా సంఘం సెక్రెట్రీ మాదిరి” అని, అట్ట బోర్లించి నా చేతికిచ్చాడు. “రాయి. లావుగా రాయి.”