కాంటా మీద ముత్తయ్య పెట్టె

ఒక మనిషి నన్ను ‘అన్నా’ అని పిలిస్తే నేను తల వంచుకుని చేతిలో పని వెతుక్కుంటాను. ఏళ్లుగా ఇదే వరస. ఆమె పేరు సమ్మక్క. మా వీధిలోనే ఉంటుంది. నేను ఆమెకు చేసిన అన్యాయం ఆమెకు తెలీదు. నా భార్యకూ తెలీదు. తెలిసినవాడు ఇంకొక్కడే, నా బావమరిది వెంకటేశు. వాడూ నేనూ ఆ మాట ఎత్తం. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పే దమ్ము నాకు లేదు.

నేను కమ్మరిని. మాది చర్ల. పోడు చేసుకునేవాళ్లకు గొడ్డళ్లు, కల్లు గీసే గౌడ్లకు గీత కత్తులు, మటన్ కొట్లకు పెద్ద కత్తులు చేసిపెడతాను. మా నాయన పాత లారీల అడుగున బరువు మోసే కమాన్ పట్టీలు తెచ్చి కాల్చి సాగగొట్టేవాడు. నేనూ అదే చేశాను. దానితో ఇల్లు గడిచింది. అక్కడితో ఊరుకుంటే ఏం పోయేది? ఊరుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కత్తులు చేస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. వాళ్ల ఉక్కు వేరు. వాళ్ల కత్తి టమాటా మీద ఊరికే ఆనిస్తే చాలు, దిగిపోయేది. హైదరాబాద్ హోటల్లో వంట చేసే ఒకాయన నా కత్తి ఫోటో చూసి, ఆ ఉక్కుతో చేస్తే తీసుకుంటానన్నాడు. అంతే, నాకు పిచ్చి పట్టింది.

ఆ ఉక్కు ఇక్కడ ఒకటి రెండు పట్టీలు కావాలంటే ఎవరూ ఇవ్వరు, టన్నుల్లో కొనమంటారు. బయటి దేశం నుంచి పోస్టులో తెప్పిద్దామంటే రవాణా, పన్ను కలిసి ఉక్కు ఖరీదును మించిపోతున్నాయి. మాకు సరిహద్దు అంటే ఛత్తీస్‌గఢే. పొద్దున పోయి అటువైపు సంత చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాం, ఎవరూ ఏమీ తూచరు. దేశం సరిహద్దు అట్లా కాదని అప్పుడే తెలిసింది. చివరికి ఒక ఉపాయం తట్టింది. వెంకటేశు ఒమన్‌లో డ్రైవరు. ఉక్కు వాడి రూముకు తెప్పిస్తే, సెలవు మీద వచ్చేటప్పుడు సామానులో పెట్టుకుని తెస్తాడు. ఇక్కడికి తెచ్చే ఖర్చే ఉండదు. మావైపు గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా అందరి సామాన్లూ మోసుకునే వస్తారు, కాదనడం ఉండదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వెంకటేశు రూములోనే ముత్తయ్య ఉండేవాడు. సమ్మక్క భర్త. తాపీ పని. వెంకటేశు సెలవుకు కొన్నాళ్ల ముందు నిద్రలోనే పోయాడు. శవం పంపడం ఆలస్యమవుతుందని ఏవేవో కారణాలు చెప్పి, కంపెనీవాళ్లు సమ్మక్కతో సంతకం పెట్టించుకుని అక్కడే పూడ్చిపెట్టారు. పూడ్చడం ఫోన్‌లో చూసి ఆమె ఏడ్చింది. అక్కడ మిగిలింది ఒక్క సూట్‌కేసు. అతని లుంగీలు, చొక్కాలు, దుప్పటి, పాత ఫోను. వెంకటేశు తెస్తానన్నాడు. మొహం ఎట్లాగూ దగ్గరుండి కళ్లారా చూసుకోలేకపోయాను, ఆయన ఒంటిమీది బట్టలన్నా ముందర పెట్టి కార్యం చేస్తానని ఆమె అందరితో చెప్పింది. పెట్టె వచ్చేదాకా కార్యం ఆపింది. ఇది నాకు తెలుసు. తెలీక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

వెంకటేశు బయల్దేరే రోజు నేను కొలిమి దగ్గరున్నాను. ఫోన్ మోగింది.

"బావా, ఎయిర్‌పోర్టుల సామాను కాంటా మీద పెడితే బరువు ఎక్కువొచ్చింది. ఒకటి తీసెయ్యమంటున్రు. నీ ఇనుము తియ్యాల్నా, ముత్తన్న పెట్టె తియ్యాల్నా? జల్దీ చెప్పు, ఎనకాల లైనున్నది."

"ఇనుము తేరా."

"మరి పెట్టె?"

"నిన్ను దింపనీకి వచ్చినోని చేతికియ్యి. మల్ల ఎవలన్న వస్తే తెస్తరు. పెట్టె యాడికి పోతది?"

"సమ్మక్కకు ఏం చెప్పాలె బావా? ఆమె ఎదురుచూస్తాంది."

"ఎయిర్‌పోర్టుల ఆపిన్రని చెప్పు. నేను చెప్త తియ్."

అంతే. అంతసేపే. ఆ మాటలు అనడానికి నాకు ఆలోచన కూడా పట్టలేదు, అదే నన్ను తినేస్తుంది. ఎక్కువైన బరువుకు డబ్బు కడితే రెండూ వచ్చేవి. ‘కట్టు, నేనిస్తా’ అని ఒక్క మాట ఎందుకు అనలేదు? చౌకగా రావాలనే కదా ఆ తిప్పలన్నీ, మళ్లీ ఖర్చెందుకు అనుకున్నానా? ఏమో. అనుకోవడానికి కూడా తీరిక తీసుకోలేదు. ఉక్కు వస్తుందా రాదా అని తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఉక్కు వచ్చింది. మంచి ఉక్కు, అబద్ధమెందుకు చెప్పాలి. మొదటి కత్తి ఎర్రగా కాల్చి నూనెలో ముంచి తీసి, పదునుపెట్టి, కాగితం కోసి చూసుకుని చిన్నపిల్లాడిలా ఎగిరాను. ఆ వారమే సమ్మక్క ఇంక ఆగలేక కార్యం చేసింది. బజారులో కొత్త చొక్కా కొని, దాన్ని ముందర పెట్టి వడ్డించింది. ఆయన ఒక్కసారీ తొడగని చొక్కా. దాన్ని పట్టుకుని వాసన చూసి, కొట్టు వాసన తప్ప ఏమొస్తుందని ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను. వాళ్లింట్లో భోజనం చేశాను. రెండోసారి పప్పు కూడా వేయించుకున్నాను. ఛీ, ఏం బతుకిది!

పెట్టె మళ్లీ రాలేదు. అది తీసుకున్నవాడు రూములో పెట్టాడట. తర్వాత కంపెనీ ఆ రూమువాళ్లందర్నీ ఇంకోచోటికి మార్చింది. ఖాళీ చేసిన రూముల్లో మిగిలిందంతా బండిలో వేసి పారేశారని వెంకటేశు చెప్పాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంకా ఏం చేశానో తెలుసా? ఎయిర్‌పోర్టులో ఆగిన పెట్టె ఇప్పించండని అర్జీ పెడదామని సమ్మక్క అడిగితే, ఆమెను బస్సెక్కించుకుని జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లాను. అర్జీ నేనే రాశాను. ఎక్కడా లేని పెట్టె కోసం ఆమెతోపాటు వరుసలో నిలబడ్డాను. తిరిగొస్తుంటే బస్సులో ఆమె, తన పెట్టె ఆపినోళ్ల చేతులు పడిపోను అని తిట్టింది. ఆ చేతులు ఆమె పక్కనే, సంచి పట్టుకుని ఉన్నాయి.

చెప్పేద్దామని ఎన్నిసార్లు వాళ్ల గడప దాకా పోయానో. చెబితే ఏమవుతుంది? పెట్టె వస్తుందా? ఇప్పుడైతే ఎవరో తెలీని ఆఫీసరును తిట్టుకుని ఆమె కొంచెం నెమ్మదిస్తుంది. నా పేరు చెబితే, రోజూ ఎదురుపడే మనిషిని ఎట్లా తిట్టుకుంటుంది? ఇట్లా ఆమె కోసమే ఆగుతున్నట్టు నాకు నేను చెప్పుకుంటాను. అదీ అబద్ధమే. నా మొహం చూసి ఆమె తలుపు వేసుకుంటుందేమోనని భయం. ఆ భయమొక్కటే నిజం.

మొన్న సమ్మక్క కొలిమి దగ్గరికొచ్చింది. కొడవలికి పదును పెట్టించుకుని, పోతూ ఆగింది.

"అన్నా, ఇగ పెట్టె సంగతి అడుగ. నా కోసం తిరగనీకి నువ్వొక్కనివే ఉన్నవు. సొంత అన్న గూడ గింత చెయ్యడు."

నా నోరు తెరుచుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. "అట్లంటవేంది చెల్లె" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. పిలుస్తే వినపడేంత దూరంలోనే చాలాసేపు కనిపించింది. పిలవలేదు.

ఇంక ఆమె అడగదు. అడిగినన్నాళ్లూ ఎప్పుడో ఒకసారి నిజం నోట్లోంచి జారుతుందేమోనన్న ఆశ ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. అందుకే ఇక్కడన్నా అనేస్తున్నాను. సమ్మక్కా, పెట్టెను ఎవరూ ఆపలేదు. నేనే దింపించాను.