మామయ్య పీట మీద దిండు

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేట వాళ్లకి పైకి చెప్పుకోలేని జబ్బు చేస్తే నందిగామ వెళ్లేవారు, నందిగామ వాళ్లకి చేస్తే జగ్గయ్యపేట వచ్చేవారు. ఊళ్లో తెలియకూడదని అంత అవస్థపడి బస్సెక్కితే, తీరా చిల్లకల్లు దగ్గర ఎదురెదురుగా ఆగిన బస్సుల కిటికీల్లోంచి ఒకరికొకరు దొరికిపోయేవారు. "పెళ్లికండీ" అని వీళ్లంటే "మేమూ పెళ్లికేనండీ" అని వాళ్లనేవారు. (మూఢంలో కూడా ఆ పెళ్లిళ్లు ఆగలేదు.)

నేను కంప్యూటర్ డిప్లొమా చేసి, ఇరవై రెండేళ్ల వయసులో నందిగామలో ఒక డాక్టరుగారి ఆసుపత్రిలో చేరాను. ఇంట్లో మాత్రం "కంప్యూటర్ ఉద్యోగం" అన్నాను. ఆ మాటకే మా అమ్మ పొంగిపోయింది, ఎక్కడని ఎవరూ అడగలేదు. మా కాంపౌండరుగారిది మైకు అక్కర్లేని గొంతు. "వీరులపాడు విరేచనాలు, లోపలికి రండి" అని పిలిచేవాడు. డాక్టరుగారు విసిగిపోయి, "ఈయన నోరు మూయించే ప్రోగ్రామేదైనా రాయవయ్యా, రోగుల రహస్యాలకి ఇక నువ్వే పూచీ" అన్నారు. రాశాను. పాస్‌వర్డ్ లేనిదే ఫైలు తెరుచుకోదు, ఎవరు ఎవరి ఫైలు ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది, వివరాలు ఎక్కించే ముందు రోగి అనుమతి అడగాలి. 'గోప్యతాధికారి' అని ఒక అట్ట మీద రాసి నా బల్ల మీద పెట్టుకున్నాను. (డాక్టరుగారి బోర్డు కంటే నా అట్టే పెద్దది.) అనుమతి అడిగే పని కాంపౌండరుగారికి ఇవ్వడం నా తెలివితక్కువతనం. మొదటిరోజే హాలు నిండా జనం ఉండగా, "మీ గజ్జి సంగతి రహస్యంగా ఉంచమంటారా, వద్దా? గట్టిగా చెప్పండి, రాసుకోవాలి" అన్నాడు. ఆ పని కూడా నేనే తీసేసుకున్నాను.

ఒకసారి రెండ్రోజులు సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి, నేను టైపు చేయాల్సిన చీటీల్లో మా మామయ్య పేరుంది. ఆయన మా అమ్మకి తమ్ముడు, జగ్గయ్యపేటలో బట్టల కొట్టు. ముద్దపప్పులోకి కూడా పచ్చిమిరపకాయ కొరుక్కునే మనిషి, కారం తినలేనివాడు మగాడే కాదనేవాడు. చీటీ మీద మొలలని ఉంది. నాకు నిజంగానే జాలేసింది. వివరాలు ఎక్కించాను, సరిగ్గా ఎక్కాయా అని మళ్లీ తెరిచాను, మందులేమిచ్చారో అని ఇంకోసారి, ఊరికే మరోసారి. ఆదివారం ఆయన మా ఇంటికి భోజనానికి వస్తున్నాడని తెలిసి, "మామయ్యకి ఈసారి కారం తగ్గించి వండమ్మా, ఎందుకని అడక్కు" అన్నాను. జబ్బు పేరు ఎత్తలేదు కాబట్టి రహస్యం కాపాడినట్టేనని నా ధీమా.

అమ్మ ఎందుకని అడగలేదు. చప్పిడి పొట్లకాయ కూర, పెసరకట్టు, మజ్జిగ పెట్టింది. పీట మీద మెత్తటి దిండు కూడా వేసింది. మామయ్య దిండు వైపు చూసి, తల వంచుకుని తినేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో దిగాడు. నేను కర్టెన్ వెనక కంప్యూటర్ దగ్గరున్నాను. "మీ కాంపౌండరు గొంతు మా పేట దాకా వినబడతందండీ. మా అక్క నా పీట మీద దిండేసింది" అన్నాడు. డాక్టరుగారు కాంపౌండరు వైపు తిరిగి, "ఇన్నేళ్లూ భరించా. రేపట్నుంచి రావద్దు" అన్నారు. కాంపౌండరుగారి గొంతు తగ్గడం అప్పుడే మొదటిసారి విన్నాను. "నేను చెప్పలేదండీ. అసలీయన జబ్బేంటో నాకు తెలీదండీ" అన్నాడు. నిజం చెప్పాల్సింది నేను. కర్టెన్ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"అబ్బాయి ప్రోగ్రాములో ఉంటుందిగా ఎవరు చూశారో. తియ్యవయ్యా" అన్నారు డాక్టరుగారు. నేను రాసిన ప్రోగ్రాం నా మాట వినకుండా ఉంటే బావుండుననిపించింది. ప్రింటరు కరకరలాడుతూ కాగితం కక్కింది. అది కాంపౌండరుగారి చేతికి వెళ్లింది, ఆయన గొంతు ఆయనకి తిరిగొచ్చింది. ఇంటిపేరుతో సహా నా పేరు నాలుగుసార్లు, టైములతో, హాలంతా వినేలా చదివాడు. మామయ్య కర్టెన్ పక్కకి లాగి, "ఒరే, నువ్విక్కడా?" అన్నాడు.

ఉద్యోగం పోలేదు, అట్ట పోయింది. మధ్యాహ్నం తల దించుకుని కూర్చుంటే కాంపౌండరుగారు తన క్యారియర్ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. గోంగూర పచ్చడి నా వైపు జరిపి, అటూ ఇటూ చూసి, నా చెవిలో అడిగాడు: "కారంగా ఉంటది. నీకు పరవాలేదా బాబూ?"

ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో జనం వివరాలకి కాపలా కాసే పనే చేస్తున్నాను. అనుమతి అడగడానికి, ఎవరేం చూశారో పట్టుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉంది. అది రోజూ వేలమందిని అడుగుతుంది. కాంపౌండరుగారు ఆ రోజు అడిగినంత మెల్లగా మాత్రం ఇంకా అడగలేకపోతోంది.