సంగప్ప సారు ఇంగ్లీషు నాటకం, మా నాయిన తీర్పు

కొబ్బరి నూనెలో కలిపిన ముఖం పౌడరు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ స్టేజీ ఎక్కబోతున్నట్టే ఉంటుంది. మొన్న మా బడి వార్షికోత్సవానికి స్టాఫ్ రూములో పిల్లలకు వేషాలు కడుతున్నారు. తలుపు తీశానో లేదో ఆ వాసన గుప్పుమంది. పిల్లలకు ఇంగ్లీషు చెప్పే దాన్ని, ఈ వయసులో గోడ పట్టుకొని నిలబడ్డాను. "ఏమైంది టీచర్, దవాఖానకు పోదామా?" అని ఆయమ్మ పరేషాన్ అయింది. "ఏం లేదమ్మా, మా సారు యాదికొచ్చిండు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి నీళ్లు తెచ్చిచ్చింది.

సారు అంటే సంగప్ప సారు. నారాయణఖేడ్ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పేవాడు. సరిహద్దు మనిషి కదా, కోపమొస్తే కన్నడంలో, ముద్దొస్తే తెలుగులో తిట్టేవాడు. మనిషి పొట్టే గానీ గొంతు విప్పితే బస్టాండు దాకా వినపడేది. ఆయనకు ఒకటే పిచ్చి, ఒక పాత ఇంగ్లీషు ఏకాంకిక. లండన్‌లో రాణి ఏలుతున్న రోజుల్లో, పెద్ద నాటకం మొదలయ్యేలోపు జనాన్ని నవ్వించడానికి రాసిన చిన్న తమాషా అది. కథ చారెడు. ఒంటరిగా ఉండే ఒకావిడ ఇంటికి అన్న వచ్చి, ఆడదానివి ఒక్కదానివి ఎట్లా ఉంటావు, నాతో నడువు అంటాడు. ఆవిడ రానంటుంది. ఆయన మూట కడుతుంటాడు, ఆవిడ విప్పుతుంటుంది. చివరికి గొడుగు, టోపీ, ఒక కాలి బూటు పోగొట్టుకొని ఆయనే పారిపోతాడు.

ఆ నాటకం తిరిగిన దారి చెప్పడం మొదలుపెడితే సారుకు బెల్లు కూడా వినపడేది కాదు. ఓడెక్కి సిపాయిల వెంట ఎన్ని దేశాలు తిరిగిందో చెప్పేవాడు. సికింద్రాబాదు దండులో దొరలు వేసుకున్నారట. ఆడవేషానికి మనిషి దొరక్క ఒక కెప్టెను మీసాలు గీయించుకొని గౌను తొడిగాడట. అక్కడి నుంచి పట్నంలో ఒక కాలేజీ పిల్లల చేతికొచ్చింది. వాళ్లలో మా సారు ఒకడు. నౌకరీ దొరికి ఖేడ్‌కు వస్తూ దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టుకొచ్చి, తెలుగు చేసి, మా చేత వేయించాడు. "సార్, గిది ఫారిన్ నాటకమా?" అని మా క్లాసు నర్సింలు అడిగితే, "దానికి మనమే ఫారిన్‌రా. ఇల్లిడిచి గింత దూరం వచ్చింది. మంచిగ జూసుకోండ్రి" అన్నాడు. ఎక్కడి లండన్, ఎక్కడి నారాయణఖేడ్! మా ఊరు కూడా ఎవరికో ఒక పరదేశమని నాకు అంతవరకు తోచలేదు.

నర్సింలుది అన్న వేషం, నాది చెల్లెలి వేషం. మొదటిసారి ఖేడ్‌లో వేస్తే బాగానే జరిగింది. రెండోసారి నాగల్‌గిద్దలో వేశాం. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. ఇద్దరు కొట్లాడుకుంటుంటే ఊరికే నిలబడి చూడటం తప్పు. ఎవరో ఒక పెద్దమనిషి నడుమ కూర్చొని ఇద్దరి మాటా వినాలి. కూర్చున్నవాడు తీర్పు చెప్పకుండా లేవకూడదు. నర్సింలు నా చెయ్యి పట్టి గుంజుతున్నాడు, జనం పగలబడి నవ్వుతున్నారు. అంతలో ఒక ముసలమ్మ కొంగు బిగించి సరాసరి స్టేజీ ఎక్కింది. "ఏయ్, ఇడువు చెల్లె చెయ్యి! ఏంది గీ జబర్దస్తి?" నర్సింలు నా చెయ్యి వదిలేసి సారు వైపు చూశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. సారు పక్క నుంచి కుర్చీ పట్టుకొచ్చి నడుమ వేశాడు. "కూసో అవ్వా. ఇద్దరి మాట ఇని నువ్వే చెప్పు" అన్నాడు, అది కూడా నాటకంలో ఉన్నట్టే. ఆమె కూర్చుంది, అడిగింది, విన్నది. అన్న ఒక పూట తిని తన దారిన తాను పోవాలని తేల్చింది. ఈలలతో నాగల్‌గిద్ద దద్దరిల్లింది.

తిరుగు బస్సులో సారు తనలో తానే అన్నట్టు, "దేశాలన్నీ తిరిగింది గానీ దానికి గింత మర్యాద యాడా దొర్కలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి మా నాటకంలో నడుమ ఒక ఖాళీ కుర్చీ ఉండేది, ఏ ఊరికి పోతే ఆ ఊరి జనంలోంచి ఒకరు కూర్చొని తీర్పు చెప్పేవారు. మరొకరైతే ముసలమ్మను దించేసి పరదా వేసుకునేవారు. జనం చేసిన పొరపాటును నాటకం కంటే పెద్దదిగా చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడు వానలు మొండికేశాయి. సిర్గాపూర్ పక్కన మా ఊళ్లో కంది పూతలోనే ఎండిపోయింది. నాయిన మా ఊరి పెద్దమనిషే, చుట్టుపక్కల పంచాయితీలకు ఆయన్నే పిలుస్తారు. అయినా గింజలు లేనప్పుడు పట్నం పోయి ఇటుకలు మోయాల్సిందే. అమ్మా నాయినా ఇద్దరూ పనికి పోతే తమ్ముళ్లను చూడటానికి నేను కావాలి. నాయిన నేనుండే ఖేడ్ హాస్టలుకు వచ్చి, "చదువు మల్లచ్చే ఏడు జూద్దాం" అన్నాడు. అట్లా పోయి మళ్లీ బడి మొహం చూసిన ఆడపిల్ల మా ఊళ్లో ఒక్కతీ లేదు. సారుకు చెప్పి ఏడ్చాను. సారు నాయినతో వాదించలేదు. "కంగ్టి సంతల నాటకమున్నది. ఆడికొచ్చి తోల్కపో" అన్నాడు. నాకు సారు మీద ఎంత కోపమొచ్చిందో! ఇంత తేలిగ్గా వదిలేస్తాడా అనుకున్నాను.

కంగ్టిలో సంత ముగుస్తున్న వేళ, పొద్దు ఇంకా వాలకముందే మొదలుపెట్టాం. నాయిన జనం వెనకాల నా బట్టల సంచి చంకన పెట్టుకొని నిలబడ్డాడు. నర్సింలు "నడువు నాతోని" అనగానే జనం అలవాటుగా లేచారు. "ఆగుండ్రి, పంచాయితీ చెయ్యాలె!" అని ఒకరు, "అగో, సిర్గాపూర్ దిక్కు పెద్దమనిషి ఈడనే ఉన్నడు!" అని ఇంకొకరు. వద్దు వద్దంటున్నా నాయినను నవ్వుతూ తోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చోగానే మనిషి మారిపోయాడు. సంచి కింద పెట్టి, రుమాలు భుజాన సర్దుకున్నాడు. పంచాయితీలో ఆయన చేసే పని అదే. నర్సింలును అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వెందుకు రానంటున్నవ్ బిడ్డా?" అన్నాడు.

సారు తెలుగు చేసిన మాటలు నాకు నోటికొచ్చు. నా ఇల్లు, నా పిల్లి, నా టీ కెటిలు అనాలి. పక్కకు చూశాను. సారు మాట అందించలేదు, చేతులు కట్టుకొని ఉన్నాడు.

"రాను" అన్నాను. "నా పని ఈడున్నది. నడుమ ఇడిచిపోతే మల్ల నాకు చేతికి రాదు. నా కంటే ముందు పోయినోళ్లు ఒక్కరన్న తిరిగొచ్చిండ్రా? నువ్వే చెప్పు. నాకు భయమైతున్నది. నన్ను తోల్కపోకు."

నర్సింలు ఎప్పుడు నా చెయ్యి వదిలాడో తెలియదు. నాయిన కింద పెట్టిన సంచి వైపు చూశాడు. తర్వాత లేచి నిలబడి, తన ఊళ్లో చెప్పే గొంతుతోనే చెప్పాడు. "పిల్ల మాట న్యాయమున్నది. తోల్కపోవుడు లేదు."

జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకది నాటకమే. కిందికి దిగాక అడిగాను, "నాయినా, గది నాటకంల తీర్పు గదా?" నాయినకు కోపమొచ్చింది. "నలుగుర్ల చెప్పిన. తీర్పుకు నాటకమేంది?" అని సంచి నా చేతిలో పెట్టాడు. మర్నాడు పట్నం బస్సు అమ్మ ఎక్కలేదు, తమ్ముళ్లతో ఇంట్లోనే ఉండిపోయింది. నాయిన ఒక్కడే పోయాడు. ఒక్క కూలి మీదే ఆ ఏడంతా మా ఇల్లు గడిచింది.

పోయినేడు సారు పోయాడు. సాగనంపడానికి నాయిన కర్ర పట్టుకొని వచ్చాడు. మన్ను వేసి వస్తూ దారిలో అడిగాను, ఆ రోజు కుర్చీ ఎక్కేటప్పుడు ఆ తీర్పు నా చదువు గురించేనని నీకు తెలియదా అని. "తెలుసు బిడ్డా. ఎక్కకపోతే నిన్ను తోల్కపోతుంటి" అన్నాడు. కొంచెం దూరం నడిచి మళ్లీ అన్నాడు, "గంత మంది తగాదాలు ఇన్న, ఇంట్ల నీ మాట ఎన్నడూ అడగలే. గా సారు అడిగిపిచ్చిండు."

నారాయణఖేడ్ బడిలో ఇప్పుడు టీసీ కోసం తండ్రులు నా దగ్గరికే వస్తారు. చేతిలో సంచి, వెనకాల తల వంచుకొని పిల్ల. నేను తండ్రితో వాదించను. ఆయన చెప్పేదంతా చెప్పనిస్తాను. తర్వాత ఆయన ముందే పిల్లను అడుగుతాను, "నువ్వెందుకు పోనంటున్నవ్ బిడ్డా?" అని. ఎంతసేపైనా ఆగుతాను. అందించను.